ఫోను ఇంట్లో, నేను సౌకార్‌పేటలో

మా ఆఫీసులో ఒకాయన ఈ ఏడాది ఐస్‌లాండ్ వెళ్ళొచ్చాడు. ఇంకొకామె బాలీలో నెట్‌వర్క్ అందని కొండమీద వారం రోజులు ప్రశాంతంగా గడిపి, కొండ దిగిన మరుక్షణం నూట ఎనభై ఫోటోలు పెట్టింది. నేను సౌకార్‌పేట వెళ్ళొచ్చాను. మేముండే షోలింగనల్లూరు నుంచి పాతిక ముప్పై కిలోమీటర్లు ఉంటుంది. వీసా అక్కర్లేదు, చలికోటు అక్కర్లేదు, నీళ్ళు పడతాయో లేదోనన్న బెంగ లేదు. అయినా ఉద్యోగం కోసం చీరాల వదిలి చెన్నై వచ్చిన ఆరేళ్ళలో నేను అక్కడికి వెళ్ళింది మూడుసార్లు. మూడోసారి వెళ్ళి రెండేళ్ళయింది. అక్కడుండేది నా సొంత అక్క. అందుకని, ఎప్పుడైనా వెళ్ళొచ్చులే అనే గొప్ప సౌకర్యం నాకు మొదటినుంచీ ఉంది.

ఇంకా వెళ్ళనివాళ్ళ కోసం ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. బస్సు నంబర్లు, టైములు మాత్రం నన్ను అడక్కండి. అవన్నీ మీ చేతిలోనే ఉన్నాయి, బహుశా దీన్ని కూడా అందులోనే చదువుతున్నారు.

అప్పగింతలు

మేము కొత్త ఫ్లాటు కొనుక్కున్నాం. ఆ గురువారం గృహప్రవేశం. ఆహ్వానపత్రిక నేనే చేశాను, ఫోనులో, పదకొండు నిమిషాల్లో. గంటలు మోగుతాయి, వినాయకుడు గిర్రున తిరుగుతాడు, కింద నొక్కితే మ్యాపు తెరుచుకుంటుంది. దాన్ని ఒక్క నొక్కుతో రెండొందల మందికి పంపేసి, ఇదే పనికి మా నాన్న పదిరోజులు ఊళ్ళుపట్టుకు తిరిగేవాడని గుర్తొచ్చి ఆయనమీద జాలిపడ్డాను. ఆ రెండొందల మందిలో మా విజయక్క కూడా ఉంది. ఆమె దగ్గర్నుంచి దణ్ణం పెడుతున్న రెండు చేతుల బొమ్మ వచ్చింది. వస్తున్నట్టేగా అనుకున్నాను.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. మావైపు గృహప్రవేశంలో పాలు పొంగించేది ఇంటి ఆడపడుచు. నాకున్నది ఒక్క అక్క. ఆమె రాకపోతే ఆ పొయ్యి ముందు నిలబడే హక్కున్న మనిషి ఇంకొకరు లేరు. రెండోది, అక్కను ఇచ్చిన ఇల్లు మూడు తరాలుగా సౌకార్‌పేటను ఆనుకునే ఉండే జార్జి టౌన్‌లో శుభలేఖలు అమ్ముకుని బతుకుతున్న ఇల్లు. పెళ్ళి కార్డులు, ఓణీల కార్డులు, గృహప్రవేశం కార్డులు, అన్నీ టోకున. అంటే శుభలేఖల కొట్టుకు నేను ఫోనులో శుభలేఖ పంపాను. అదీ పక్కన 'ఫార్వర్డ్' అన్న ముద్రతో సహా.

ఇందులో తప్పుందని కనిపెట్టింది నా భార్య శైలజ. వదిన ఫోను ఎత్తడం లేదనీ, మెసేజీలకు పలకడం లేదనీ, నేను మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాననీ చెప్పింది. సొంత అక్కను బొట్టు పెట్టి పిలవాలని తెలియదా అని అడిగింది. 'బొట్టు పెట్టి పిలవాలా' అని వెటకారానికి రోజుకు నాలుగుసార్లు అంటాను గానీ, అది మనుషులు నిజంగా చేసే పని అని మరిచిపోయాను.

మగవాడొక్కడే వెళ్ళి పిలిస్తే అక్క అత్తింట్లో అది పిలుపు కిందికి రాదు. అందుకని శైలజ ఒక ఏర్పాటు చేసింది. ముహూర్తానికి ఆరు రోజులుందనగా, శుక్రవారం సెలవుపెట్టి నేను ముందు వెళ్ళి అక్క కోపం చల్లార్చాలి. ఆదివారం పొద్దున తను కుంకుమ భరిణెతో వచ్చి బొట్టు పెడుతుంది. షరతు ఒకటే, ఫోను ఇంట్లో ఉండాలి. "ఫోనుతో వెళ్తే మీరు వెళ్ళినట్టు కాదు, దాన్ని షికారు తిప్పినట్టు" అంది. నేను అభ్యంతరం చెప్పలేదు. స్క్రీన్ టైమ్ తగ్గించుకోవాలని నాకూ ఎప్పటినుంచో ఉంది. ఎలా తగ్గించుకోవాలో రోజూ రెండు గంటలు వీడియోలు చూస్తుంటాను.

ఫోనును శైలజ చేతిలో పెట్టి, రాత్రి ఛార్జింగ్ పెట్టమనీ, ఎండ తగలనివ్వొద్దనీ చెప్పాను. మా అక్కను అత్తారింటికి పంపేటప్పుడు మావాళ్ళు ఇన్ని జాగ్రత్తలు చెప్పలేదు.

బ్రాడ్‌వే బస్సు

ఫోను లేని మనిషికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదని బస్టాపులో అర్థమైంది. జేబులో పెట్టుకున్నాను, తీశాను, కట్టుకున్నాను. తొడమీద ఏదో వణికినట్టనిపించి రెండుసార్లు తడుముకున్నాను. శైలజ కంటపడకుండా స్మార్ట్ వాచీ పెట్టుకొచ్చాను గానీ ఫోను తోడు లేకపోతే అది ఉత్త గడియారం. చాలాసేపటినుంచి కూర్చునే ఉన్నారు, కాస్త లేవండి అని అది సలహా ఇచ్చేసరికి నేను బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడుతున్నాను.

ఎక్కేముందు ఒకతన్ని, జార్జి టౌన్ అంచున హైకోర్టు దగ్గరుండే బ్రాడ్‌వేకు బస్సు ఏదని అడిగాను. చెవుల్లో ఉన్నవి తీసి, ఫోను తెరిచి, మ్యాపు నా ముఖం ముందు పెట్టాడు. చూడకూడదని నియమం కదా, కళ్ళు పక్కకు తిప్పుకున్నాను. నన్నొకసారి పైనుంచి కిందికి చూసి రెండడుగులు దూరం జరిగాడు.

బస్సులో అందరి తలలూ వంగి ఉన్నాయి. నాకు చూడటానికి మనుషులు తప్ప ఏమీ మిగల్లేదు కాబట్టి మనుషుల్నే చూశాను. ఎదురు సీట్లో ఆయన కాసేపటికి చొక్కా గుండీలు సరిచూసుకున్నాడు, ఆ తర్వాత పర్సు తడుముకున్నాడు. సాటిమనిషి వంక ఊరికే చూడటం ఈమధ్య నేరం కిందికి వస్తున్నట్టుంది.

కండక్టరుకు అయిదు వందల నోటు ఇచ్చాను. నా దగ్గరున్నవన్నీ అవే. అతను నోటును చూసి, నన్ను చూసి, అరవంలో నాలుగు మాటలన్నాడు. మూడు అర్థమయ్యాయి, అర్థంకానిది తిట్టు అయి ఉంటుంది. నేను ఆనుకుని నిల్చున్న సీట్లో మల్లెపూల బుట్ట ఒళ్ళో పెట్టుకుని ఒక పెద్దామె కూర్చుని ఉంది. కొంగుముడి విప్పి నోటు మార్చి ఇచ్చింది. నా అరవం విని జాలిపడి తెలుగులోకి వచ్చేసింది. వాళ్ళ పెద్దలు నెల్లూరువైపు వాళ్ళట. ఎక్కడికని అడిగితే అక్క దగ్గరకన్నాను. ఎన్నాళ్ళకు పోతున్నావంటే రెండేళ్ళకన్నాను. ఏ ఊరి నుంచి అంటే షోలింగనల్లూరు అన్నాను. ఆమె పూలు సర్దుకుంది.

"మధ్యలో సముద్రమేమన్నా ఉండాదా సామీ?" అంది.

రెండు మూరల మల్లెపూలు కొన్నాను. మూర ముప్పై అంది. మా చీరాలలో మూరంటే మోచేయి నుంచి వేలికొస దాకా. ఆమెది పొట్టి చెయ్యి. అయినా బేరమాడే ముఖం నాకు లేదు.

ఆండర్సన్ వీధి

జార్జి టౌన్‌లో, అక్కావాళ్ళ కొట్టుండే ఆండర్సన్ వీధిలో, ఫోను చూసుకుంటూ నడిచే మనిషి సాయంత్రం దాకా బతకడు. ముందు నుంచి కాగితం బండిళ్ళతో తోపుడు బండి, వెనక నుంచి మోటార్ సైకిలు, పక్కనుంచి తలమీద డబ్బాల కట్టతో కూలీ, అందరూ వళి వళి అని దారి అడుగుతూనే ఉంటారు. ఆ సందులో అడుగడుక్కీ తల ఎత్తి ఉంచాలి. దీనికే రిసార్టుల్లో వేలకు వేలు తీసుకుంటారు.

దారి నలుగుర్ని అడిగాను. నలుగురూ నాలుగు దిక్కులు చూపించారు గానీ, ప్రతి ఒక్కరూ నాతోపాటు పదడుగులు నడిచి చూపించారు.

కొట్టులో అక్క కౌంటరు వెనక కూర్చుని ఉంది. చుట్టూ అట్టపెట్టెలు, బంగారు రంగు వినాయకులు, సిరా వాసన. అక్క నాకంటే పదకొండేళ్ళు పెద్ద. పెళ్ళయి పాతికేళ్ళుగా ఇక్కడే ఉండి మా చీరాల మాట మరిచిపోయింది, ఈడ ఆడ అంటుంది. గోవిందరాజులు బావ "వా ప్పా వా" అంటూ లేచి కుర్చీ చూపించాడు. అక్క లేవలేదు. నా చేతులవంక చూసింది.

"ఫోను యాడ?"

ఇంట్లో పెట్టొచ్చానన్నాను. నమ్మినట్టు లేదు. పూలు ఇస్తే తీసుకుని, ఒక మూర దేవుడి పటానికి వేసి, ఒక మూర జడలో పెట్టుకుంది. ఇదే అదనని, బస్సులో తయారుచేసుకున్న క్షమాపణ మొత్తం ఒప్పజెప్పాను. తప్పు చేసినవాడు తల దించుకోవాలి కాబట్టి తల దించుకుని, కార్డుల ఆల్బం తిరగేస్తూ, చాలా వినయంగా చెప్పాను. బిజీ అన్నాను, బుద్ధి లేదన్నాను, నువ్వు రాకపోతే పాలే పొంగించనన్నాను.

తల ఎత్తేసరికి అక్క నావంకే చూస్తోంది. "అన్నం తిన్నావా?" అంది. అంతే. నాకు తల కొట్టేసినట్టయింది. అంత క్షమాపణకు ఒక్క తిట్టన్నా రాలేదంటే కోపం చాలా లోతుగా ఉందనుకున్నాను.

మురుక్కు సాండ్‌విచ్

నా ముఖం చూసి బావ సౌకార్‌పేట సందులోకి టిఫినుకు తీసుకెళ్ళాడు. అక్కడ మురుక్కు సాండ్‌విచ్ అని ఒక పదార్థం అమ్ముతారు. మేము జంతికలంటామే, అవి రెండు తీసుకుని, బ్రెడ్డుకు బదులు పైనా కిందా పెట్టి, మధ్యలో కీరా, టమాటా, పచ్చ చట్నీ కూరుతారు. చీరాలలో జంతికల మధ్య కీరా పెట్టినవాణ్ణి ఇంట్లోవాళ్ళు డాక్టరుకు చూపిస్తారు. ఇక్కడ యాభై రూపాయలు ఇచ్చి నిలబడి తింటున్నారు. నేనూ తిన్నాను. ఇంకోటి అడిగాను.

రెండోది సగంలో ఉండగా బావ అసలు సంగతి చెప్పాడు.

"మీ అక్క కోపం కార్డు మీద కాదు ప్పా. నెల ముందర వీడియో కాల్లో నీకొక విషయం చెప్పినాది. నువ్వు సూపర్ అక్కా అన్నావంట."

ఏం చెప్పిందని అడిగాను. ఆ ఒక్కటీ అడగొద్దన్నాడు. మళ్ళీ తన నోటితో చెప్పదట, ఎవర్నీ చెప్పనివ్వదట, బావచేత ఒట్టు కూడా వేయించుకుందట. వాడికే తెలియాలి అందట. తెలిసేదాకా గురువారం మాట ఎత్తొద్దందట.

ఆ కాల్ నాకు గుర్తుంది. ఫోనును నీళ్ళ సీసాకు ఆనించి, ఎదురుగా లాప్‌టాప్‌లో మ్యాచ్ పెట్టుకున్నాను. అక్క చాలాసేపే మాట్లాడింది. సరేనా అని అడిగితే సూపర్ అక్కా అన్నాను. దానికి ముందున్నదేదీ గుర్తులేదు. సూపర్ అనడం నాకు అలవాటు. ఒకసారి ఆఫీసులో ఎవరిదో తాతగారు పోయారని వస్తే దానికీ బొటనవేలు చూపించాను.

చిన్నప్పుడు నేను కబుర్లు చెబుతుంటే అక్క గిన్నెలు తోముతూ ఊఁ కొట్టేది. నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. రెండు చేతులతో ఆమె గడ్డం పట్టుకుని, ముఖం నావైపు తిప్పుకుని, మళ్ళీ మొదటినుంచి చెప్పేవాణ్ణి. జంతిక ముక్క గొంతులో ఉండగా అది గుర్తొచ్చింది, సిగ్గేసింది.

శనివారం, ఇడ్లీల దగ్గర

అక్క వాళ్ళిల్లు సౌకార్‌పేటలో రెండో అంతస్తు. మెట్లు నిలువుగా ఉంటాయి. మనిషి ఎదురొస్తే ఒకరు వెనక్కి దిగాల్సిందే. పొద్దున్నే డబరా గ్లాసులో కాఫీ, ఆ తర్వాత ఇడ్లీ, వడకర్రీ. మావైపు ఇడ్లీకి పచ్చడి లేకపోతే అలుగుతాం. ఇక్కడ సాంబారు లేకపోతే అలుగుతారు. ఇంత సాంబారులో ఇడ్లీ ఎక్కడుందో వెతుక్కుంటూ నేను ఆలోచనలో పడ్డాను. సూపర్ అన్నానంటే అక్క చెప్పింది శుభవార్తే అయి ఉండాలి. ఈ ఇంట్లో శుభవార్త అంటే మేనకోడలు దీప్తి. కాలేజీ ఆఖరి సంవత్సరం.

"కంగ్రాట్స్ దీప్తీ" అన్నాను, అన్నీ తెలిసినవాడిలా నవ్వుతూ.

దీప్తి తెలుగు అర్థం చేసుకుంటుంది, జవాబు అరవంలో చెబుతుంది. "ఎదుక్కు మామా?" అంది. ఎందుకా, పెళ్ళికి అన్నాను. బావ చేతిలోని ఇడ్లీ సాంబారులో పడిపోయింది. దీప్తి తండ్రివంక చూసింది, తండ్రి తల్లివంక చూశాడు. తనకు తెలియకుండా ఎవరితో మాట్లాడారని ఆ పిల్ల అరవంలో అడిగిన ప్రశ్నలు నాకే అర్థమయ్యాయంటే ఎంత గట్టిగా అడిగిందో చూసుకోండి. అక్క మాత్రం ఒక్కొక్కరి ముఖం చూస్తూ, ఏమైందో ఎవరన్నా చెబుతారేమోనని ఎదురుచూస్తోంది. మౌనంగా ఉండి నన్ను శిక్షిస్తోందనుకున్నాను.

ఆ గొడవ చల్లారాక, పోనీ కొట్టు పెద్దది చేస్తున్నారేమోనని రెండో బాణం వేశాను. సగం కొట్టు అద్దెకిచ్చేశామని బావ చెప్పాడు. ఇప్పుడు పెళ్ళికి వంద కార్డులు కొట్టిస్తే గొప్పట, మిగతావాళ్ళకు ఫోనులో పంపేస్తున్నారట. "అంతా మీలాంటోళ్ళ దయ" అన్నాడు నవ్వుతూనే. ఇక నేను శుభవార్తలు ఊహించడం మానేశాను.

ప్రూఫు చదివే వేళ

శనివారమంతా కొట్టులోనే కూర్చున్నాను. చేతులు ఖాళీగా ఉన్నాయని బావ నాకు పసుపు గిన్నె ఇచ్చాడు. కార్డుల నాలుగు మూలలా పసుపు రాయాలి. ఫోనులో శుభలేఖలు పంపేవాడి వేళ్ళు సాయంత్రానికి పచ్చగా అయ్యాయి.

ఈ కొట్టులో పాత ఆచారం ఒకటుంది. కార్డు అచ్చుకు వెళ్ళేముందు ఇద్దరు కూర్చుని ప్రూఫు చూస్తారు. ఒకరు అచ్చుప్రతిని పైకి చదువుతారు, ఇంకొకరు రాతప్రతి చూస్తూ వింటారు. పాతికేళ్ళుగా చదివేది బావ, వినేది అక్క. పెళ్ళికూతురి తాతగారి ఇంటిపేరులో చిన్న తేడా వచ్చినా అక్క చెవికి చిక్కేదని వీధంతా చెప్పుకునేవారు. ఆరోజు చూస్తే అక్క చదువుతోంది, బావ వింటున్నాడు. మార్చారేమని అడిగితే బావ కళ్ళజోడు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం నగరి నుంచి పెళ్ళివారొకాయన వచ్చాడు. ఫోనులో నమూనా వెతుకుతూ, తల వంచుకునే, పేర్లు చెప్పుకుపోతున్నాడు. అక్క బల్లమీద వేళ్ళతో తట్టింది. "తల ఎత్తి చెప్పండి సామీ, శుభకార్యం" అంది. ఆయన గతుక్కుమని ఫోను పక్కన పెట్టాడు. సంప్రదాయాన్ని ఎంత బాగా కాపాడుతోందో అనుకున్నాను. నాకు ఎదురుగా ఉన్నది చూడటం అలవాటు తప్పి చాలాకాలమైంది, అందుకని ఇంకా తెలియలేదు.

కుక్కరు

సాయంత్రం ఇంటికొచ్చాం. బావ ఇంకా కొట్టులో ఉన్నాడు, దీప్తి నామీద అలిగి మేడమీదకు పోయింది. అక్క వంటింట్లో అటు తిరిగి వత్తకొళంబు అనే పులుసుకు పోపు వేస్తోంది. పక్క పొయ్యిమీద కుక్కరు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

ఈసారి అలంకారాలు లేకుండా చెప్పాను. ఆరోజు నువ్వేం చెప్పావో నేను వినలేదక్కా, మ్యాచ్ చూస్తున్నాను. చెప్పింది మంచో చెడో కూడా నాకు తెలియదు. నన్ను ఎత్తుకుని బడికి తీసుకెళ్ళిన మనిషి మాట్లాడుతుంటే నేను స్కోరు చూసుకున్నాను. నువ్వు తిట్టినా సరే, ఇంకొక్కసారి చెప్పు. ఇంత నిజం నేను ఈమధ్యకాలంలో ఎవరితోనూ చెప్పలేదు.

అక్క వెనక్కి తిరగలేదు. గరిట తిప్పుతూనే ఉంది. నాకు కోపమొచ్చింది. ఎంత తప్పు చేస్తే మాత్రం, ఇంత మొండితనమా అనుకున్నాను. కుక్కరు కూత వేసింది. మళ్ళీ వేసింది. అయిదో కూతకు వంటింట్లో మాడువాసన వచ్చింది, ఆరో కూతకు నాకే చెవులు గింగిర్లెత్తాయి. అక్క చెయ్యి మాత్రం స్టవ్ వైపు వెళ్ళలేదు. వాసన తగిలాక ఉలిక్కిపడి స్టవ్ ఆర్పింది. అప్పుడు వెనక్కి తిరిగి, గుమ్మంలో నన్ను చూసి, "ఎప్పుడొచ్చినావు?" అంది.

కళ్ళలో నీళ్ళు తిరిగి తల దించుకున్నాను. అక్క దగ్గరకొచ్చింది. పోపు వాసన వేస్తున్న వేళ్ళతో నా గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది.

"మళ్ళీ దించినావు. ఎత్తి మాట్లాడు. దించుకుంటే నాకు తెలీదు."

చెవికేమైందక్కా అని అడిగాను. ఆమె నా పెదాలవంక చూసి జవాబు చెప్పింది.

"ఎడం చెవి పూర్తిగా పోయిందిరా. కుడిది కొంచెం ఉండాది. చెవికి మెషీను ఇచ్చినారు, అంగట్లో పెట్టుకుంటే వీధంతా చెవిలోకి వస్తాదని తీసి పెట్టేసినా. ఫోన్లో ఏమీ తెలీదు. ముఖం కనపడితే నోరు చూసి పట్టుకుంటా. అది చెప్దామనే నీకు వీడియోలో చేసినా. అప్పుడప్పుడు నాకు కనపడి పోరా అన్నా. నీ ఫ్యాను కనిపించినాది, నీ నుదురు కనిపించినాది. నోరు ఒక్కసారే కనిపించినాది. సూపర్ అన్నావు."

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె మామూలుగా చెప్పింది, రోజూ ఎవరో ఒకరికి చెప్పుకుంటున్న విషయంలాగే. నేను చేయగలిగింది తల ఎత్తి ఉంచడమే కాబట్టి అలాగే నిలబడ్డాను, ముక్కు కూడా తుడుచుకోకుండా.

గురువారం మాట ఎత్తొద్దనడానికి కారణం అలక కాదని తర్వాత చెప్పింది. భయం. అయ్యవారు ఒకటి చెబితే తను ఇంకొకటి చేస్తుందని, శుభమా అని పాలు పొంగించే చోట పదిమందీ నవ్వుతారని. ఎవరినన్నా అడుగుదామంటే ఆ సమయానికి అందరి ముఖాలకూ ఫోన్లు అడ్డం ఉంటాయని. నేను నీ ఎదురుగా నిలబడి అన్నీ చెబుతానన్నాను. అంతసేపు ఫోను లేకుండా నిలబడగలవా అని అడిగింది. అనుమానంతో కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"శైలూ రానీ. అప్పుడు చెప్తా" అంది. ఆ రాత్రి అడుగంటిన అన్నం తిన్నాం. దీప్తి కూడా వచ్చి కూర్చుంది.

ఆదివారం, బొట్టు

పొద్దున్నే శైలజ వచ్చింది. భరిణె, చీర, పళ్ళు, అన్నీ తెచ్చింది. వాటితోపాటు నా ఫోనునూ తెచ్చి, ఎవరో ఆఫీసువాళ్ళు నాలుగుసార్లు చేశారంటూ నా చేతిలో పెట్టింది. మూడు రోజుల్లో వెయ్యికి పైగా మెసేజీలు వచ్చి ఉన్నాయి. నేను లేకపోయినా దేశం ఎలా నడిచిందో అర్థం కాలేదు. చూడకుండా జేబులో వేసుకున్నాను.

అక్కను తూర్పుముఖంగా కూర్చోబెట్టి శైలజ బొట్టు పెట్టింది. పిలవాల్సిన మాట నేను చెప్పాలి. ఎదురుగా మోకాళ్ళమీద కూర్చుని నోరు తెరిచానో లేదో, జేబులో ఫోను మోగింది. ఆ గదిలో అది వినపడనిది అక్క ఒక్కతికే. అయినా నా కళ్ళు ఒక్క క్షణం కిందికి పోయాయి. అక్క చూసేసింది.

"మోగతా ఉండాదా?" అంది.

అవునన్నాను. దాన్ని బయటకు తీసి, ఎవరో చూడకుండానే ఆపేసి, శైలజకు ఇచ్చేశాను. మీకు ఇది చిన్న విషయంగా కనపడవచ్చు. ఎవరు చేశారో చూడకుండా ఒక్కసారి ఆపి చూడండి, తర్వాత మాట్లాడదాం.

"అక్కా, గురువారం పొద్దున మా ఇంటికి వచ్చి పాలు పొంగించు" అన్నాను, నెమ్మదిగా, ముఖం ఎత్తి.

"మళ్ళీ చెప్పు."

అందలేదేమోనని ఇంకా నెమ్మదిగా చెప్పాను. అందింది. మొదటిసారే అందిందని ఆమె కళ్ళే చెబుతున్నాయి. మూడోసారి కూడా చెప్పించుకుని, అప్పుడు "వస్తా" అంది. బావ వెంటనే కొట్టుకెళ్ళి మా గృహప్రవేశానికి యాభై కార్డులు అచ్చువేయించాడు. ఇంకా నాలుగు రోజులే ఉంది, ఎవరికి పంచాలి అంటే, మీ అపార్ట్‌మెంట్‌లో పక్కింటోళ్ళ పేరన్నా తెలుసునా నీకు, పోయి వాళ్ళకియ్యి అన్నాడు. తెలియదు. ఆ సాయంత్రమే వెళ్ళి తెలుసుకున్నాను.

తిరిగొచ్చాక

యాత్రలవల్ల మనిషి మారిపోతాడని రాస్తుంటారు. నేనేమీ మారలేదు. సోమవారం ఆఫీసులో స్క్రీన్ టైమ్ తగ్గించుకోవడం గురించి రెండు గంటల ఆన్‌లైన్ క్లాసు పెడితే, కెమెరా ఆపేసి ఇంకో స్క్రీనులో వార్తలు చదువుకున్నాను. కాకపోతే ఇప్పుడు శనివారాలు బ్రాడ్‌వే బస్సెక్కుతున్నాను. చిల్లర ఉంచుకుంటున్నాను. పూలావిడ మళ్ళీ కనపడలేదు, కనపడితే సముద్రం లేదని చెప్పాలి.

గురువారం సంగతి చెప్పి ముగిస్తాను. ముహూర్తానికి వంటగది నిండా జనం. అయ్యవారు పాలగిన్నె పెట్టమన్నారో లేదో, అందరి చేతులూ లేచాయి. అక్క గిన్నె పట్టుకుని చుట్టూ చూసింది. ఎటు చూసినా ఫోన్లే, ముఖమన్నది లేదు. ఆమె చేతులు ఆగిపోయాయి. నేను జనాన్ని తోసుకుని వెళ్ళి స్టవ్‌కు ఇటువైపు, ఆమెకు సరిగ్గా ఎదురుగా నిలబడ్డాను. అయ్యవారు అన్నదల్లా అన్నాను. ముందు పసుపు రాయి. ఇప్పుడు వెలిగించు. ఇప్పుడు పాలు పొయ్యి. ఆగు, ఇంకా ఆగు. వెనక నుంచి పక్కకు జరగమని ఒకటే కేకలు, వీడియోగ్రాఫరైతే భుజం పట్టుకుని లాగాడు. జరగలేదు.

వాళ్ళంతా ఇప్పటికీ నామీద గుర్రుగా ఉన్నారు. డబ్బిచ్చి తీయించిన వీడియోతో సహా ఏ ఒక్కదానిలోనూ పాలూ లేవు, అక్కా లేదు, ఉన్నదల్లా అడ్డంగా నా వీపు. అటువైపు పాలు పొంగినప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో చూసింది నేనొక్కణ్ణే.